గరిక

తెలుగునాట గరికను ఎఱుగనివారు లేరు. బాట ప్రక్కను, చెఱువుగట్టు మీదను, పొలముగట్ల వెంటను, బడి ఆటస్థలమునందును అది నేలనంటి ప్రాకుచుండును. వినాయక చవితినాడు పూజకు తెచ్చు పత్రిలో దానికి ముఖ్యస్థానము కలదు. గ్రహణ సమయమున నీళ్లబిందెలపైనను, ఊరగాయ జాడీలపైనను గరికపోచలు వేయుట పెక్కు ఇండ్లలోని ఆచారము. అయినను ఆ పోచను చేతబట్టి, దాని కాండ మెట్లున్నది, పువ్వెట్లున్నది, కోసినకొలది అది ఏల చిగిర్చుచున్నది అని పరిశీలించువారు అరుదు.

ఈ గడ్డిని గూర్చి రైతుకును, తోటమాలికిని గల అభిప్రాయములు పరస్పరవిరుద్ధములు. గరిక చేనిలో చొచ్చినదన్న రైతునకు దిగులు పుట్టును. దున్నినను, త్రవ్వినను, ఏరివేసినను అది మరల తల యెత్తుచునే యుండును. తోటమాలి యన్ననో అదే గరికను వెదకి తెచ్చి, ఎరువు వేసి, నీరు పోసి, పసిబిడ్డనువలె సాకును. ఒకే మొక్క యొకచో కలుపు, మఱియొకచో అలంకారము. ఈ విరోధమునకు కారణము గరిక శరీరనిర్మాణములోనే కలదు. ఆ నిర్మాణమును తెలిసికొన్నవానికి గరికను పెంచుట ఎట్లో తెలియును. వలదన్నచోట దానిని తొలగించుట ఎట్లో కూడ తెలియును.

గరిక తృణకుటుంబమునకు చెందినది. వరి, గోధుమ, జొన్న, సజ్జ, చెఱకు, వెదురు మున్నగునవన్నియు ఈ కుటుంబములోనివే. భూమిమీద ఈ కుటుంబమునకు చెందిన జాతులు 11,000కు పైగా కలవు. గరికకు సంస్కృతమున దూర్వ యని పేరు. హిందీలో దూబ్ అనియు, కన్నడమున గరికె యనియు, తమిళమున అఱుగంపుల్ అనియు పిలుతురు. పూజలయందు వాడు దర్భ వేఱు, గరిక వేఱు. దర్భ బిరుసుగా, నిటారుగా పెరుగును. గరిక మెత్తగా నేలపై ప్రాకును.

1753వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ మొక్కకు పానికం డాక్టిలాన్ అని పేరిడెను. 1805లో పెర్సూన్ అను శాస్త్రజ్ఞుడు దానిని వేఱొక ప్రజాతిలో చేర్చి సైనోడాన్ డాక్టిలాన్ అని మార్చెను. నేటికిని అదియే దాని శాస్త్రీయనామము. సైనోడాన్ అనగా గ్రీకుభాషలో కుక్కపన్ను. గరిక నేలలోనికి పంపు కాండముపై మొనదేలిన గట్టి పొలుసులు కుక్కకోఱలవలె నుండుటచే ఆ పేరు కుదిరినది. డాక్టిలాన్ అను మాట వ్రేలు అను అర్థము గల గ్రీకు పదమునుండి పుట్టినది. గరిక పూచినప్పుడు కంకులు చేతివ్రేళ్లవలె విచ్చుకొనుటయే దీనికి కారణము. ఆంగ్లమున దీనిని బెర్ముడా గడ్డి యందురు. కాని అట్లాంటిక్ మహాసముద్రమునందలి బెర్ముడా ద్వీపములు దీని పుట్టినిల్లు కాదు. అది అక్కడికి బయటినుండి చేరినదే.

ఒక గరికదుబ్బును గునపముతో లోతుగా పెకలించి, మన్ను కడిగి చూచినచో దానికి మూడు విధములైన కాండములు కనబడును. మొదటిది నిటారుగా లేచు సన్నని పోచ. ఇది ఆకులను, పూలను ధరించును. రెండవది నేలపై ప్రాకు తీగ. ఇది కణుపు కణుపునకు క్రిందికి వేళ్లను, పైకి పిలకలను పంపుచు ముందునకు సాగును. మూడవది నేల లోపల ప్రాకు కాండము. తెల్లగా, లావుగా నుండుటచే దీనిని వేరని భ్రమపడుదురు. కాని వేరునకు కణుపు లుండవు. దీనికి కణుపులున్నవి, ప్రతి కణుపువద్దను ఒక పొలుసును, దాని చాటున ఒక మొగ్గయు నున్నవి. కావున ఇది కాండమే. ఎండకాలమునకు, కఱవుకాలమునకు కావలసిన ఆహారమును గరిక ఇందులోనే దాచుకొనును.

ఈ కాండముల మహిమను ఒక చిన్నలెక్కతో గ్రహింపవచ్చును. పది కణుపులు గల తీగను పది తునకలుగా కోసి, ప్రతి తునకయందును ఒక్కొక్క కణుపు ఉండునట్లు తడిమన్నులో నాటినచో, పది మొక్కలు మొలచుటకు అవకాశము కలదు. విత్తనముతో పనిలేకయే ఒకటి పదియగును. తోటమాలికి ఇది వరము. నాగలిపోటుతో తీగను తునకలు చేయు రైతునకు ఇదియే శాపము.

గరిక ఆకు రెండు భాగములుగా నుండును. క్రిందిభాగము కాండమును ఒఱవలె చుట్టుకొని యుండును. పైభాగము సన్నగా, కొనదేలి యుండును. ఈ రెండును కలియుచోట తెల్లని చిన్న రోమముల వరుస యొకటి కలదు. ఇతర గడ్డులనుండి గరికను వేఱుగా గుర్తించుటకు ఈ రోమములు ఉపకరించును. వేళ్లు సన్నని పీచువలె గుబురుగా నుండి మట్టిరేణువులను గట్టిగా పట్టుకొనును.

గరికపూవునకు రంగురేకులు లేవు, తేనెయు లేదు. పోచ చివర నుండి మూడు మొదలు ఏడు వఱకు సన్నని కంకులు ఒకేచోటినుండి విచ్చుకొనును. సాధారణముగా నాలుగో అయిదో యుండును. ఒక్కొక్క కంకికి ఒకవైపున మాత్రమే రెండు వరుసలుగా చిఱుకంకులు అమరియుండును. ఒక్కొక్క చిఱుకంకిలో నొక్కటే పువ్వు. భూతద్దముతో చూచినచో ఊదారంగుతో కుచ్చువలె నున్న కీలాగ్రములు ముచ్చటగా కనబడును. పుప్పొడిని ఒక మొక్కనుండి మఱియొక మొక్కకు చేరవేయునది గాలి. గాలికి రంగుతోను, వాసనతోను పనిలేదు. కావుననే తృణజాతి పూవులకు ఆడంబరము లేదు.

గరికను ఎన్నిమాఱులు కోసినను చావదేమి? ఈ ప్రశ్నకు సమాధానము ఎదుగుదల జరుగు స్థానములో నున్నది. మందారపుకొమ్మ తన చివరనుండి ఎదుగును. కొన త్రుంచినచో ఆ కొమ్మ నిలిచిపోవును. ప్రక్కమొగ్గలు చిగిర్చువఱకు పెరుగుదల యుండదు. గడ్డి యాకు చివరనుండి ఎదుగదు, మొదటినుండి ఎదుగును. అనగా ఆకుకొన అన్నిటికంటె ముసలిది. ఆకు మొదలు అన్నిటికంటె లేతది. పశువు కొనను కొఱికినను, కత్తి కొనను కోసినను, మొదట నున్న లేతభాగము దానిని మరల పైకి త్రోయుచునే యుండును. అంతేకాక, క్రొత్త పిలకలు పుట్టు మొగ్గలన్నియు నేలను ఆనుకొనియో, నేల లోపలనో యుండును. గరిక తన ప్రాణమును పశువుల దంతములకు అందని చోట దాచుకొన్నదని చెప్పవచ్చును. పైకొనలను కోసినపుడు ప్రక్కమొగ్గలు మేలుకొని పిలకలు మఱింత దట్టముగా వచ్చును. పచ్చికబయలునకు తివాసీవంటి అందము కలుగుట ఇందువలననే.

గరికకు మఱియొక విశేషము కలదు. మిక్కుటమైన యెండలో అనేకములైన మొక్కలు వాడిపోవుచుండగా గరిక ఉత్సాహముతో పెరుగును. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకురంధ్రముల ద్వారా గ్రహించి, సూర్యకాంతి సాయముతో ఆహారము చేసికొనునని విద్యార్థు లెఱుగుదురు. ఆ రంధ్రములు తెఱచినపుడెల్ల లోపలి నీరు ఆవిరియై పోవును. వరి, గోధుమ మొదలగునవి ఈ పనిని ఒక పద్ధతిలో చేయును. చెఱకు, జొన్న, మొక్కజొన్న, గరిక మఱియొక పద్ధతిలో చేయును. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెఱకు ఆకులను పరిశోధించి ఈ రెండవ పద్ధతిని వివరించిరి. ఇందులో ఆకు తాను గ్రహించిన వాయువును ముందుగా ఒకచోట పట్టి, దానిని లోపలి కణములలో సాంద్రముగా కూర్చుకొనును. కావున రంధ్రములను కొలదిగా తెఱచినను పని జరుగును. నీటి నష్టము తగ్గును. ఎండయు, వేడియు నెక్కువగా నున్నప్పుడు ఈ పద్ధతి మిక్కిలి లాభకరము.

కాని ఈ లాభమునకు తగిన మూల్యము కూడ కలదు. గరిక నీడను ఓర్వజాలదు. చలిని కూడ ఓర్వజాలదు. 25 మొదలు 35 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడి యున్నప్పుడు అది చక్కగా పెరుగును. ఉత్తరభారతమున గట్టిచలి పడు నెలలలో గరిక గోధుమవన్నెకు తిరిగి నిద్రించును. తెలుగుసీమలో చలి స్వల్పమగుటచే డిసెంబరు, జనవరి నెలలలో పెరుగుదల మందగించునేకాని సాధారణముగా నిలిచిపోదు. నీడ చేయు కీడును తెలిసికొనుట సులభము. ఏపుగా పెరిగిన గరికపై ఒక పెంకునో, చెక్కనో కప్పి వారముదినములు ఉంచినచో, దాని క్రింది పోచలు పసుపువన్నెకు తిరిగి, బలహీనములై, వెలుతురుకొఱకు సాగియుండుట కనబడును.

ఇంతవఱకు తెలిసిన విషయములనుండియే పచ్చికబయలు వేయు విధానమంతయు పుట్టినది. మొదట స్థలము నెన్నుకొనవలెను. దినమునకు కనీసము ఆఱుగంటలైనను ఎండపడు స్థలమే గరికకు తగినది. మామిడి, వేప, రావి వంటి చెట్ల దట్టమైన నీడలో గరికను నాటుట వ్యర్థప్రయాస. నీరు నిలుచు పల్లపు నేలయు పనికిరాదు. వేళ్లకు నీటితోపాటు గాలియు కావలెను.

నేలను వేసవిలోనే సిద్ధపఱుపవలెను. 30 సెంటిమీటర్ల లోతున పాఱతో త్రవ్వి, గడ్డలను తిరుగవేసి, రెండు మూడు వారములు ఎండకు విడువవలెను. రాళ్లను, గాజుపెంకులను, పాతవేళ్లను ఏరివేయవలెను. తుంగగడ్డలను మిక్కిలి శ్రద్ధతో ఏరవలెను. ఒక్కటి మిగిలినను అది పచ్చికలో నుండి పొడుచుకొని వచ్చును. తరువాత చదరపు మీటరునకు నాలుగైదు కిలోల చొప్పున బాగుగా మాగిన పశువుల ఎరువును మట్టిలో కలుపవలెను. మాగని ఎరువులో కలుపువిత్తనములు బ్రదికియుండును. చెదలు చేరు ప్రమాదము కూడ కలదు. పిమ్మట మేకులు పాతి, త్రాడు కట్టి, నేలను మట్టము చేయవలెను. వాననీరు ఇంటిగోడలవైపు రాక వెలుపలికి పోవునట్లు స్వల్పమైన వాలు ఉంచవలెను.

తొందరపాటుగల తోటమాలి ఈ దశలోనే గరికను నాటును. తెలిసినవాడు మఱికొన్ని దినములు ఆగును. నేలను తడిపి విడిచినచో మట్టిలో దాగిన కలుపుగింజలన్నియు మొలచును. వాటిని పెఱికివేసిన తరువాత నాటినచో సగముశ్రమ తగ్గును.

నాటుటకు తొలకరి వానలకాలము, అనగా జూన్, జూలై నెలలు, అనుకూలమైనవి. వేళ్లతో కూడిన ముదురుతీగలను చిన్నతునకలుగా చేసి, ఒక్కొక్క తునకకు రెండు మూడు కణుపు లుండునట్లు చూచి, 10 సెంటిమీటర్ల యెడమున నాటవలెను. ఈ లెక్కను చదరపు మీటరునకు నూఱు తునకలు పట్టును. కణుపులు మట్టిలోనికిని, చివరకొన వెలుతురునకును ఉండవలెను. నాటిన వెంటనే నేలను అదిమి, నీరు చల్లవలెను. రెండు మూడు నెలలకు తీగలు ఒకదానితో నొకటి పెనగొని నేల కప్పబడును. త్వరగా పచ్చదనము కావలెనన్నవారు మన్నుతోసహా పలకలుగా తీసిన పచ్చికను తెచ్చి పఱతురు. దీనికి వ్యయ మధికము. తీగలను సన్నగా తఱిగి, పేడయు మన్నును కలిపిన ముద్దలో చేర్చి నేలపై పూతవలె పూయు పద్ధతియు మన దేశమున కలదు. విత్తనములు కూడ చల్లవచ్చును. కాని అవి మిక్కిలి సన్నవగుటచే ఇసుకతో కలిపి చల్లినగాని సమముగా పడవు.

పచ్చికను సంరక్షించుటలో కోతయే ప్రధానము. దీనికి ఒక చక్కని సూత్రము కలదు: ఒక్కమాఱు కోతలో ఆకు పొడవున మూడవవంతుకంటె ఎక్కువ తీయరాదు. పచ్చికను 3 సెంటిమీటర్ల ఎత్తున ఉంచదలచినవాడు, అది నాలుగున్నర సెంటిమీటర్లు ఎదుగగానే కోయవలెను. సోమరితనముచే పది సెంటిమీటర్ల వఱకు పెరుగనిచ్చి, తరువాత ఒక్కమాఱుగా మూడు సెంటిమీటర్లకు తెగగోసినచో ఏమగును? నీడలోనున్న క్రిందియాకులు అప్పటికే ఎండియుండును. ఆకుపచ్చని భాగమంతయు కోతలో పోవును. గోధుమవన్నె కాడలు మాత్రమే మిగులును. ఆహారము తయారుచేయు ఆకులు లేకపోవుటచే మొక్క తన నిలువధనమును తీసి క్రొత్త ఆకులను వేయవలసి వచ్చును. తఱుచుగా ఇట్లు చేసినచో వేళ్లు క్షీణించును. కత్తికి పదును లేకున్నను కీడే. మొద్దుకత్తి ఆకును కోయదు, చీల్చును. చీలిన కొనలు ఎండి పచ్చికయంతయు పాలిపోయినట్లు కనబడును.

పూర్వకాలమున పచ్చికను పొడవైన కొడవండ్లతో కోసెడివారు; గొఱ్ఱెలచేత మేపెడివారు. 1830లో ఇంగ్లండు దేశమున స్ట్రౌడ్ అను పట్టణప్రాంతమున ఎడ్విన్ బడ్డింగ్ అను పనివాడు గడ్డి కోయు యంత్రమును నిర్మించెను. ఆ ప్రాంతపు మిల్లులలో ఉన్నిబట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రము లుండెడివి. నూగును కత్తిరించు ఉపాయము గడ్డికి ఏల పనికిరాదను ఆలోచన అతనికి కలిగెను. చక్రముతోపాటు తిరుగుచు గడ్డిని కత్తిరించు ఆ బ్లేడుల అమరిక నేటి యంత్రములలో పెక్కింటియందు కనబడుచున్నది.

నీరు పోయుటలో ఒక మెలకువ కలదు. ప్రతిదినము పైపైన చిలుకరించినచో తడి రెండు వ్రేళ్ల లోతునకు మించి దిగదు. వేళ్లును అంతకు మించి దిగవు. అట్టి పచ్చిక ఒక్కదినము నీరు తప్పినను వాడిపోవును. వారమునకు ఒకటి రెండుమాఱులు లోతుగా తడియునట్లు పోసినచో వేళ్లు నీటిని వెదకుకొనుచు దిగువకు పోవును. ఎప్పుడు నీరు పోయవలెనో గరికయే తెలుపును. నీరు చాలనప్పుడు ఆకులు మడుచుకొని నీలిబూడిద రంగునకు తిరుగును. దానిపై నడచినచో అడుగుల గుర్తులు వెంటనే మాయక నిలిచియుండును.

ఎరువులలో నత్రజనియే పచ్చికకు ముఖ్యమైనది. ఏపుగా పెరుగు కాలమున నూఱు చదరపు మీటర్లకు నెలకు ఒక కిలో యూరియాకు మించకుండ, ఆకులు పొడిగా నున్నప్పుడు సమముగా చల్లి, వెంటనే నీరు పెట్టవలెను. మోతాదు మించినచో ఆకులు మాడును; మాడకున్నను పచ్చిక అతిగా పెరిగి కోతశ్రమ యధికమగును. ఏడాదికొకమాఱు పోచల అడుగున పేరుకొన్న ఎండుపీచును పండ్లదంతెతో గోకి తీసివేసి, జల్లించిన మన్నును, ఇసుకను, మాగిన ఎరువును కలిపి పలుచగా చల్లవలెను. చెదలు, వేరుపురుగు, లద్దెపురుగు అప్పుడప్పుడు పచ్చికకు హాని చేయును. పచ్చని నేలపై ఎండిన మచ్చ కనబడినచో ఆ చోట మన్ను కొంత త్రవ్వి కారణమును తెలిసికొనిన తరువాతనే చికిత్స చేయవలెను.

శాస్త్రజ్ఞులు గరికనుండి క్రొత్తరకములను కూడ సాధించిరి. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున టిఫ్టన్ పరిశోధన కేంద్రమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు సామాన్యగరికను దక్షిణాఫ్రికాకు చెందిన సన్నని ఆకుల గరికతో సంకరము చేసెను. సామాన్యగరిక కణమున 36 క్రోమోజోములు. ఆఫ్రికా గరికలో 18. సంకరమునకు ఒకదానినుండి 18, రెండవదానినుండి 9, మొత్తము 27 వచ్చినవి. ఈ బేసిసంఖ్య జంటలుగా విడిపోజాలదు. కావున అది విత్తనము కట్టదు. విత్తనము లేని మొక్క ఎట్లు వ్యాపించును? ప్రాకు కాండము లున్నవిగదా! తీగతునకలతోనే అది దేశదేశములకు చేరినది. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే అను రకములు విడుదలయ్యెను. ఆటస్థలములందు ఇవి ప్రసిద్ధికెక్కినవి. ఈ బర్టన్ సజ్జపైరును గూర్చియు పరిశోధించెను. ఆయన రూపొందించిన టిఫ్ట్ 23ఎ అను సజ్జవంగడమునే తల్లిగా గ్రహించి, 1965లో మన దేశమున హెచ్.బి.-1 అను తొలి సంకరసజ్జను సాధించిరి. పచ్చికగడ్డిని పరిశోధించిన చేతులే పేదల అంబలికిని తోడ్పడెను.

ఇక రైతు సంగతి విచారింపవలసి యున్నది. 1977లో ప్రపంచమునందలి కలుపుమొక్కలను గూర్చి ప్రకటింపబడిన ఒక ప్రసిద్ధగ్రంథమున తుంగకు మొదటిస్థానమును, గరికకు రెండవస్థానమును ఇచ్చిరి. తడినేలలో గరికను దున్నుట దానిని నాటుటతో సమానము. ప్రతి తునకయు క్రొత్తమొక్క యగును. నడివేసవిలో లోతుగా దున్ని, నేలలోని కాండములను పైకి తెచ్చి, ఎండకు మాడ్చుటయే పూర్వులనుండి వచ్చిన మేలైన యుపాయము. ఏరిన తీగలను గట్టుమీద పచ్చిగా పడవేయక, పూర్తిగా ఎండనిచ్చి కాల్చివేయవలెను. గరికకు నీడ శత్రువని తెలిసిన రైతు జనుము, జీలుగ వంటి దట్టమైన పచ్చిరొట్ట పైరులను వేసి దానిని అణచును. పూలతోటలో కూడ ఈ యెఱుక యవసరమే. పచ్చికకును, పూలమడికిని నడుమ జానెడు లోతున సన్నని కాలువ త్రవ్వి, దానిలోనికి వచ్చిన తీగలను ఎప్పటికప్పుడు కోయుచుండవలెను. లేనిచో ఒక వర్షకాలములోనే గరిక పూలమడిని ఆక్రమించును.

అట్లని గరిక రైతునకు కేవలము శత్రువు కాదు. చేనిలో పనికిరాని గుణమే గట్టుమీద రక్షణయగును. వానచినుకు బోడినేలపై పడినపుడు మన్నును చిమ్మి కొట్టుకొనిపోవును. గరిక కప్పిన గట్టుపై చినుకు ఆకుమీద పడి బలము కోల్పోవును. వేళ్లవలలో చిక్కిన మన్ను కదలదు. కట్టయొక్క గట్టిదనములో కొంత ఈ చిన్నపోచలదే. పశువులకు అది ప్రియమైన మేత కూడ.

పచ్చికబయలు వేయదలచినవారు ఆలోచింపవలసిన విషయ మొకటి మిగిలియున్నది. అది నీటిలెక్క. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిచినచో అది ఒక లీటరు. వేసవిలో పచ్చిక పచ్చగా నుండుటకు వారమునకు 25 మొదలు 40 మిల్లీమీటర్ల నీరు కావలెను. నూఱు చదరపు మీటర్ల పచ్చికకు ఇది వారమునకు 2,500 మొదలు 4,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోసినచో తక్కువ లెక్కకే 160 బిందెలకు పైబడును. బావులు అడుగంటి, త్రాగునీటికి బిందెలతో వరుసలు కట్టు ఊరిలో అంత నీటిని అలంకారమునకు వెచ్చించుట న్యాయమా యని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఈ ప్రశ్నకు గరికయే ఒక సమాధానము చూపుచున్నది. నీరు లేనప్పుడు అది చావదు, నిద్రించును. పైపోచలు ఎండి నేల బోసిపోయినట్లు కనబడినను, లోపలి కాండములు ప్రాణముతో నుండును. తొలకరి చినుకు పడిన కొన్ని దినములకే ఎండినచోటనే పచ్చని మొలకలు లేచును. కావున నీటిఎద్దడి గల ప్రాంతములలో వేసవిపచ్చదనముకొఱకు ప్రాకులాడుట అనవసరము. నీటిసదుపాయమునకు తగినంత మేరకే పచ్చికను వేసి, చేతులు కడిగిన నీటిని దానికి మళ్లించి, కఱవునెలలలో దానిని నిద్రింపనిచ్చుట వివేకము. పిల్లలు ఆడుకొను చోట, మన్ను కొట్టుకొనిపోవు వాలున, దుమ్ము లేచు ముంగిట గరిక ఉండదగినది. చెట్టునీడలో, కూరగాయల మడిలో, పైరుచేనిలో ఉండదగినది కాదు. ఏచోట ఉంచవలెనో, ఏచోట ఆపవలెనో నిర్ణయించుట మనుష్యుని పని. తెగిన ప్రతి కణుపునుండియు మరల బ్రదుకుట గరిక పని. దానిని అది ఏనాడును మఱవదు.